పడుకుంటే ఒక లెక్క, నిలబడితే ఇంకో లెక్క

గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో నాకు చెప్పే ముందు మీరు ఎలా ఉన్నారో చెప్పండి. పడుకుని ఉన్నారా, కుర్చీలో కూర్చున్నారా, ఇప్పుడే లేచారా, లిఫ్ట్ పనిచేయక నాలుగంతస్తులు ఎక్కొచ్చారా? అది చెప్పకుండా వట్టి నంబరు చేతిలో పెడితే ఎక్కువో తక్కువో నేనే కాదు, ఏ డాక్టరూ చెప్పలేరు. ఏటా ఫస్టియర్ ఎంబీబీఎస్ పిల్లలకు చెప్పే మాటే ఇది, కానీ ఈమధ్య వాళ్ళకంటే మా అపార్ట్‌మెంట్‌లో వాచీలు పెట్టుకుని తిరిగే పెద్దవాళ్ళకే ఎక్కువసార్లు చెప్పాల్సి వస్తోంది.

నేను హైదరాబాద్‌లో ఒక మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెబుతాను. మా కింది ఫ్లాట్ అంకుల్‌కి వాళ్ళబ్బాయి అమెరికా నుంచి స్మార్ట్ వాచ్ పంపాడు, అప్పటినుంచి ఆయనకు నిద్ర లేదు, ఆంటీకి మనశ్శాంతి లేదు. మొన్న మెట్ల దగ్గర ఆపి అడిగారు: "ఏంది తల్లీ ఇది, పండుకున్నప్పుడు 62 అంటది, లేచి నిలబడంగనే 88 అంటది, మళ్ళ జెరసేపటికి 74కి దిగుతది. వాచ్ ఖరాబైందా, నేనే ఖరాబైన్నా?" ఇద్దరూ బాగానే ఉన్నారు అంకుల్ అన్నాను. నమ్మలేదు. ఒక్క ముక్కలో చెబితే ఎవరూ నమ్మరు కాబట్టి, వివరంగానే రాస్తున్నా.

నిజానికి ఆ మూడు నంబర్లూ మేం ల్యాబ్‌లో ఒక పూటంతా కూర్చుని పిల్లల చేత రాయించేవే. శరీర భంగిమ, వ్యాయామం, వీటికి గుండె ఎలా స్పందిస్తుంది అనే ప్రాక్టికల్ మనకు ఫస్టియర్‌లోనే ఉంటుంది. ఒక పిల్లవాణ్ణి రెగ్జిన్ మంచం మీద పడుకోబెడతాం. గుండెలో పుట్టే కరెంటును కాగితం మీద గీతగా గీసే ఈసీజీ కోసం చేతి మణికట్ల దగ్గర, కాలి మడమల పైన జెల్ రాసి క్లిప్పులు పెడతాం, ఛాతీ మీద ఆరు రబ్బరు బుడ్లు. ఏసీ కాస్త తగ్గించమంటాను, ఎందుకంటే చలికి వణికితే కండరాల కరెంటు కూడా కాగితం మీదికి ఎక్కేసి గీత అంతా గరుకుగా వస్తుంది. మంచానికి ఆనుకుని ఏ ఛార్జరో ఉంటే కరెంటు లైను 50 హెర్ట్జ్ కూడా సన్నటి రంపపు పళ్ళలా వచ్చి కూర్చుంటుంది. ఆ తర్వాత పది నిమిషాలు కదలకుండా పడుకోమంటాం. ఇదే అన్నిటికంటే కష్టం. పక్కనుంచి స్నేహితులు నవ్విస్తారు, వాడు నవ్వు ఆపుకుంటాడు, పల్స్ 70 నుంచి 85కి పోతుంది, మళ్ళీ మొదటికొస్తాం.

పది నిమిషాలు గడిచాక "లే" అంటాం. లేచి నిలబడ్డ క్షణాన కాగితం మీద పెన్నుతో ఒక గీత. అక్కణ్ణుంచి ఒక్కో శిఖరాన్ని లెక్కపెట్టాలి. ఈసీజీలో ఎత్తుగా, సూటిగా లేచేదాన్ని ఆర్ అంటారు, ఒక ఆర్‌కీ ఇంకో ఆర్‌కీ మధ్య దూరమే గుండె రెండు దెబ్బల మధ్య తీసుకున్న సమయం. కాగితం సెకనుకు 25 మి.మీ. చొప్పున నడుస్తుంది, అంటే చిన్న గడి 0.04 సెకను, పెద్ద గడి 0.2 సెకను. నిలబడ్డాక దాదాపు పదిహేనో దెబ్బ దగ్గర ఆ దూరం అన్నిటికంటే తగ్గుతుంది, ముప్ఫయ్యో దెబ్బ దగ్గరికొచ్చేసరికి అన్నిటికంటే పెరుగుతుంది. స్కేలు పెట్టి కొలిస్తే మొదటిది 16 మి.మీ., రెండోది 21 మి.మీ. అనుకోండి, మొదటి చోట గుండె నిమిషానికి 94 చొప్పున పరుగెత్తి, రెండో చోట 71కి దిగినట్టు. పిల్లలు రెండుసార్లు లెక్కేసి, తప్పు చేశామనుకుని స్కేలు మార్చుకుని మూడోసారి కొలుస్తారు. తప్పేమీ లేదు. అంకుల్ 88 తర్వాత 74 చూసింది కూడా దీన్నే.

ఎందుకిలా అంటే, మనిషి లేచి నిలబడగానే ఒంట్లో ఉన్న ఐదు లీటర్ల చిల్లర రక్తంలో అర లీటరు పైనే ఛాతీ ప్రాంతం నుంచి కాళ్ళలోకి, పొట్టలోకి దిగిపోతుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గిందంటే ఒక్కో దెబ్బకు అది బయటికి తోసే రక్తమూ తగ్గుతుంది. బీపీ కాస్త పడుతుంది. మెడలో కెరోటిడ్ ధమని చీలే చోట, గుండె నుంచి బయటికొచ్చే మహాధమని వంపులో, ఒత్తిడిని కనిపెట్టే నరాల కొనలుంటాయి, అవి ఈ పతనాన్ని చూసి మెదడు అడుగుభాగానికి కబురు పెడతాయి. అక్కణ్ణుంచి వచ్చే ఆర్డర్లు రెండు: గుండెను వేగంగా కొట్టించు, కాళ్ళల్లో రక్తనాళాల్ని బిగించు. మొదటి పని క్షణాల్లో అయిపోతుంది. రెండోది పది సెకన్ల మీద మెల్లగా ఊపందుకుంటుంది, ఆ బిగింపుతో బీపీ మళ్ళీ లేచేసరికి, ఇంక చాలులే అని గుండె వేగం తగ్గుతుంది. ఆ తర్వాత ఎక్కడో మధ్యలో కుదురుకుంటుంది, పడుకున్నప్పటికంటే ఓ పది ఇరవై ఎక్కువగా.

ఇందులో నాకు మహా ఇష్టమైన సంగతి ఒకటుంది. గుండెలో కుడి కర్ణిక (పై గది) పైభాగాన సైనస్ నోడ్ అని చిన్న కణాల ముద్ద ఉంది, దెబ్బకు దెబ్బకు విద్యుత్తు పుట్టించేది అదే. దానికి వచ్చే నరాలన్నిటినీ మందులతో ఆపేసి దాని మానాన దాన్ని వదిలేస్తే, యువకుల్లో నిమిషానికి వంద చిల్లర కొట్టుకుంటుంది. 1970లో జోస్, కొలిసన్ అనే ఇద్దరు దీనికొక లెక్క కూడా కట్టారు: 118.1 లోంచి వయసును 0.57తో హెచ్చవేసి తీసేయడమే. ఇరవై ఏళ్ళకు 107, అరవై ఏళ్ళకు 84. మరి పడుకున్నప్పుడు 62 ఎలా వస్తోంది? మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం ఎప్పుడూ బ్రేకు మీద కాలు పెట్టి ఉంచడం వల్ల. మనం లేచినప్పుడు ముందుగా జరిగేది ఎవరో యాక్సిలరేటర్ తొక్కడం కాదు, ఆ బ్రేకు మీద కాలు కాస్త లేవడం. అందుకే అంత త్వరగా, ఒకటి రెండు దెబ్బల్లోనే వేగం మారుతుంది. ఊపిరి పీల్చినప్పుడు కొద్దిగా పెరిగి, వదిలినప్పుడు తగ్గేది కూడా ఈ బ్రేకు తోనే. కుర్రాళ్ళ ఈసీజీలో ఇది ఎంత స్పష్టంగా కనిపిస్తుందంటే, కొత్తగా చూసేవాళ్ళు గుండె లయ తప్పిందని కంగారు పడతారు. మంచి ఆరోగ్యానికి గుర్తు అది.

ఇప్పుడు సీరియస్ సంగతి. మన ఊళ్ళో ఏ ఇంటికెళ్ళినా షుగర్ ఉన్నవాళ్ళు ఒకరైనా ఉంటారు. షుగరు ఏళ్ళ తరబడి అదుపులో లేకపోతే పాదాల నరాలే కాదు, ఈ వేగస్ కూడా దెబ్బతింటుంది. అప్పుడు ముప్ఫయ్యో దెబ్బ దూరాన్ని పదిహేనో దెబ్బ దూరంతో భాగిస్తే, మామూలుగా 1.04 గానీ అంతకన్నా ఎక్కువ గానీ రావలసింది 1.00కో, ఇంకా కిందికో పడిపోతుంది. అంటే లేచినా, కూర్చున్నా, పడుకున్నా గుండె ఒకే వేగంతో కొట్టుకుపోతోందన్నమాట. "మా వారికి పల్స్ ఎప్పుడూ 90 దగ్గర స్థిరంగా ఉంటుందండీ, చాలా స్టడీ" అని ఒకావిడ మురిసిపోతూ చెబితే నాకు గుండెల్లో రాయి పడింది. ఆయనకు షుగరు పాతికేళ్ళ నాటిది. డాక్టర్ని కలిసినప్పుడు ఈ మాట తప్పకుండా చెప్పమన్నాను.

దీనికి వ్యతిరేకంగా, నిలబడ్డ పది నిమిషాల్లోపు వేగం 30కి మించి పెరిగి, బీపీ పడకుండా, కళ్ళు తిరగడం, గుండె దడ లాంటివి నెలల తరబడి ఉంటే దాన్ని పాట్స్ అంటారు. టీనేజీ పిల్లల్లో ఆ హద్దు 40. ఎక్కువగా ఆడపిల్లల్లో చూస్తాం, ఎక్కువమంది దీన్ని టెన్షన్ అనీ, పరీక్షల భయమనీ కొట్టిపారేస్తారు. ఇంకో రకం, లేచిన మూడు నిమిషాల్లో పైబీపీ 20 గానీ, కింది బీపీ 10 గానీ పడిపోవడం. పెద్దవాళ్ళు రాత్రి బాత్రూమ్‌కని గబుక్కున లేచి గోడ పట్టుకునే ఆ క్షణం ఇదే. బీపీ మాత్రలు, ప్రోస్టేట్‌కని రాసే టామ్సులోసిన్ లాంటివి, ఎండాకాలంలో నీళ్ళు తాగకపోవడం, ఈ మూడూ కలిస్తే ఇంకా సులువుగా పడుతుంది. మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, పాదాలు పైకీ కిందికీ నాలుగుసార్లు ఆడించి లేవండి అని అంకుల్‌కి చెప్పింది అందుకే. పిక్కల కండరాలు బిగిస్తే కింద చేరిన రక్తం పైకి నెట్టుకొస్తుంది.

గొంతుక్కూర్చోవడం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గొంతుక్కూర్చుంటే కాళ్ళలోని రక్తం పైకెక్కి బీపీ పెరుగుతుంది, గుండె వేగం తగ్గుతుంది. అక్కణ్ణుంచి టక్కున లేస్తే రెండూ తిరగబడతాయి. మామూలుగా పడుకుని లేచిన దానికన్నా ఈ పతనం పెద్దది. ఇండియన్ టాయిలెట్ నుంచి లేవగానే పెద్దవాళ్ళకు కళ్ళు బైర్లు కమ్మేది ఇందుకే. క్లాసులో ఒకణ్ణి గుంజీలు తీయించి చూపిస్తే పిల్లలకు ఎప్పటికీ గుర్తుంటుంది (శిక్ష కాదురా, సైన్సు అంటాను, వాడు నమ్మడు).

వేగం ఒక్కటే కాదు, ఈసీజీ గీత ఆకారం కూడా మారుతుంది. ఇది చాలామందికి తెలియదు, ఈసీజీ తీసే కొందరికీ తెలియదు. గుండె ఛాతీలో మేకు కొట్టి బిగించినట్టు ఉండదు. నిలబడితే ఛాతీకీ పొట్టకీ మధ్య పొరలా ఉండే కండరం, డయాఫ్రమ్, కిందికి దిగుతుంది, దాంతో గుండె ఇంకాస్త నిలువుగా వేలాడుతుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే ఎడమకు జారుతుంది. ఛాతీ మీద అంటించిన ఎలక్ట్రోడ్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. కాబట్టి అదే గుండె, అదే కరెంటు, కానీ చూసే కోణం మారిపోతుంది. నిలబడినప్పుడు పీ తరంగం (ఆర్‌కు ముందు, కర్ణికల కరెంటు గీసే చిన్న గుట్ట) కొన్ని లీడ్లలో, అంటే కొన్ని కోణాల నుంచి తీసిన గీతల్లో, ఎత్తుగా వస్తుంది, టీ తరంగం (ఆర్ తర్వాత, గుండె కింది గదులైన జఠరికలు సర్దుకునేటప్పటి గుట్ట) చదునవుతుంది, కొందరు పూర్తి ఆరోగ్యవంతుల్లో తలకిందులు కూడా అవుతుంది. ఇందులో కోణం వాటా కొంత, నరాల వాటా కొంత.

మా బంధువుల్లో ఒకావిడకు ఇదే వచ్చిపడింది. నడుం నొప్పితో పడుకోలేక కూర్చునే ఈసీజీ తీయించుకున్నారు, ఊళ్ళో ఒకచోట. కూర్చుని తీశామన్న ముక్క కాగితం మీద ఎక్కడా రాయలేదు. దాన్ని పాత రిపోర్టుతో పోల్చి, టీ తరంగం మారింది, గుండెకు రక్తం సరిగా అందడం లేదేమో అన్నారు. ఇల్లంతా ఏడుపులు. రెండు రోజుల తర్వాత ఇంకోచోట పడుకోబెట్టి తీస్తే పాతదానికి అచ్చు నకలు. ఆయాసంతో వెల్లకిలా పడుకోలేనివాళ్ళకు దిండ్లు ఎత్తుగా పెట్టి తీయడం మామూలే, తప్పేం లేదు, కానీ అలా తీశామని పక్కన ఒక ముక్క రాయాలి. మీరు తీయించుకునేటప్పుడు వాళ్ళు మర్చిపోతే మీరే పెన్ను అడిగి రాసుకోండి.

తమాషా ఏంటంటే, ఈసీజీకి ఆద్యుడనిపించుకున్న డచ్చి శాస్త్రవేత్త ఐంథోవెన్ తీసిన తొలినాటి ఈసీజీల్లో మనుషులు కుర్చీలో కూర్చునే ఉండేవారు. రెండు చేతులూ, ఎడమ కాలూ ఉప్పునీళ్ళ పాత్రల్లో ముంచి! ఆ పనికే 1924లో నోబెల్ ఇచ్చారు. పడుకోబెట్టి తీయడం తర్వాత రివాజైంది, ఎందుకంటే అందరూ ఒకే తీరున ఉంటేనే ఒకరి గీతను ఇంకొకరి గీతతో, ఈ ఏడాది గీతను పోయినేటి గీతతో పోల్చవచ్చు.

ఈ మార్పును పనికొచ్చేలా వాడుకున్నవాళ్ళూ ఉన్నారు. జఠరికలు ఉత్తేజం పొందడం మొదలుపెట్టి మళ్ళీ సర్దుకునేదాకా పట్టే సమయాన్ని క్యూటీ అంటాం. గుండె వేగం పెరిగితే అది తగ్గాలి, తగ్గుతుంది. పుట్టుకతోనే క్యూటీ పొడవుగా ఉండే జబ్బు ఉన్నవాళ్ళలో మాత్రం, టక్కున లేచి నిలబడినప్పుడు వేగం పెరిగినా క్యూటీ ఉండాల్సినంత తగ్గదు. పడుకున్నప్పుడు మామూలుగా కనబడిన ఈసీజీ నిలబెట్టేసరికి అసలు రంగు బయటపెడుతుంది. ఇజ్రాయెల్ వైద్యుడు విస్కిన్ బృందం 2010లో దీన్ని ప్రచురించింది. ఖర్చు లేని పరీక్ష, లేచి నిలబడటమే.

ఇక వ్యాయామం. గోల్కొండ వెళ్ళి కింద దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి, మూడొందల పైచిలుకు మెట్లెక్కి బాలాహిస్సార్ చేరేలోపు మీ ఛాతీలో ఏం జరుగుతుందో చూద్దాం. మొదటి మెట్టు ఎక్కక ముందే, ఎక్కాలి అనుకోగానే వేగం పెరుగుతుంది. ల్యాబ్‌లో కూడా అంతే, స్టూల్ ఎక్కి దిగే పరీక్షకు "రెడీ" అనగానే ఇంకా కాలు కదపని పిల్లవాడి పల్స్ ఎగురుతుంది. నడక మొదలవగానే మళ్ళీ ముందు జరిగేది వేగస్ పక్కకు తప్పుకోవడమే. నిమిషానికి వంద దాకా చాలావరకు అలాగే వస్తుంది. ఆపైన యాక్సిలరేటర్ తొక్కే సింపథెటిక్ నరాలు, ఆ వెనకే అడ్రినలిన్ రంగంలోకి దిగుతాయి. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి ఐదు లీటర్ల రక్తం తోసే గుండె, బాగా శ్రమ చేసినప్పుడు మామూలు మనిషిలో ఇరవై లీటర్ల దాకా తోస్తుంది.

ఈసీజీలో ఏమవుతుంది? కర్ణికల నుంచి జఠరికలకు కరెంటు దాటే సమయం, పీఆర్ అంటారు, మామూలుగా 0.12 నుంచి 0.20 సెకను, అది తగ్గుతుంది. క్యూటీ తగ్గుతుంది. జఠరికల్లో కరెంటు పాకే సమయం మాత్రం దాదాపు మారదు. అన్నిటికంటే ఎక్కువ నష్టపోయేది రెండు దెబ్బల మధ్య ఉండే ఖాళీ, అంటే గుండె విశ్రాంతి. నిమిషానికి 60 ఉన్నప్పుడు ఒక్కో దెబ్బకు ఒక సెకను ఉంటుంది, అందులో మూడింట రెండు వంతులు విశ్రాంతి. 180కి పోతే మొత్తం సమయమే 0.33 సెకను, విశ్రాంతి అందులో సగం కన్నా తక్కువ. కాగితం మీద చూస్తే ముందు దెబ్బ టీ తోక మీదే తర్వాతి దెబ్బ పీ ఎక్కి కూర్చుంటుంది. గుండె కండరానికి, ముఖ్యంగా ఎడమ జఠరికకు, రక్తం ఎక్కువగా అందేది ఆ విశ్రాంతిలోనే. పని పెరిగింది, తిండి దొరికే సమయం తగ్గింది. రక్తనాళాలు బాగుంటే అవి విప్పారి సర్దుకుంటాయి. ఎక్కడో కొవ్వు పేరుకుని సన్నబడి ఉంటే ఇక్కడే బయటపడుతుంది.

టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష) అని మీ డాక్టరు రాసేది దీనికోసమే. పడుకున్నప్పుడు దొరకని దొంగను పరుగు పెట్టించి పట్టుకోవడం. చాలాచోట్ల వాడే పద్ధతి అమెరికా వైద్యుడు రాబర్ట్ బ్రూస్ 1963లో పెట్టిన క్రమం: మూడు నిమిషాలకొకసారి వేగం, ఎత్తు రెండూ పెరుగుతాయి, గంటకు 2.7 కి.మీ.తో మొదలై, 4, ఆపైన 5.5, అలా. గీతలో ఆర్ శిఖరం దిగాక టీ మొదలయ్యేలోపు ఉండే ఎస్టీ అనే భాగం 1 మి.మీ. గానీ అంతకన్నా ఎక్కువ గానీ కిందికి దిగి, అడ్డంగా లేదా ఇంకా కిందికి వాలుగా సాగితే అనుమానించాలి. మొదట కొంచెం దిగి వెంటనే పైకి ఎక్కేస్తే చాలావరకు అది పరుగు ప్రభావమే. ఇందులో కూడా భంగిమ గొడవ ఉంది. చేతులకూ కాళ్ళకూ క్లిప్పులు పెట్టి పరుగెత్తలేరు కదా, వాటిని భుజాల దగ్గరికీ, పొట్ట కిందికీ మారుస్తారు. మేసన్, లైకార్ అనే ఇద్దరు 1966లో చెప్పిన ఏర్పాటు అది. దాంతో గీత ఆకారం కొంచెం మారుతుంది. అందుకని టీఎంటీ కాగితాన్ని మామూలు ఈసీజీ పక్కన పెట్టి గూగుల్ చేసి భయపడకండి.

220 లోంచి వయసు తీసేస్తే వచ్చేదే గరిష్ఠ వేగం అని అందరూ చెబుతారు. అది పెద్ద పరిశోధన చేసి తేల్చింది కాదు, 1970ల మొదట్లో ఉన్న సమాచారం మీద ఒక చేతివాటం గీత గీశారు, గుర్తుపెట్టుకోవడం సులువని నిలిచిపోయింది. 2001లో తనాకా బృందం 208 లోంచి వయసులో 0.7 వంతు తీసేయమంది. అరవై ఏళ్ళ మనిషికి మొదటి లెక్కలో 160, రెండో లెక్కలో 166. ఏ లెక్క తీసుకున్నా, ఒకే వయసువాళ్ళలో పదేసి అటూ ఇటూ తేడా మామూలే. కేబీఆర్ పార్కులో వాచీ చూసుకుంటూ "నాది మ్యాక్స్ దాటేసింది" అని ఆగిపోయేవాళ్ళను చూస్తే, మీది దాటలేదండీ, లెక్క దాటింది అనాలనిపిస్తుంది. అనను, అసలే కొత్త మొహం.

నా దృష్టిలో ఎక్కడం కన్నా దిగడం ముఖ్యం. పరుగు ఆపిన మొదటి నిమిషంలో వేగం ఎంత తగ్గిందో చూడండి. 1999లో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్ళు ప్రచురించిన పరిశోధనలో, మొదటి నిమిషంలో 12 గానీ అంతకన్నా తక్కువ గానీ తగ్గినవాళ్ళలో తర్వాతి ఏళ్ళలో మరణాలు ఎక్కువ. తగ్గడమంటే వేగస్ తిరిగి పనిలోకి రావడమే, అది ఆలస్యం చేస్తే మంచిది కాదు. కానీ ఆ 12 అనేది ఆపాక మెల్లగా నడుస్తూ ఉన్నవాళ్ళ లెక్క. ఆపగానే పడుకోబెట్టిన పరీక్షల్లో ఆ హద్దు 18, ఎందుకంటే పడుకుంటే కాళ్ళలోని రక్తం వెనక్కొచ్చి గుండె ఎలాగూ ఇంకా త్వరగా నెమ్మదిస్తుంది. చూశారా, మళ్ళీ భంగిమే. మా ల్యాబ్‌లో స్టూల్ దిగగానే పడుకోబెట్టి ఈసీజీ తీస్తాం, కదులుతుంటే గీత కుదరదు కాబట్టి. పిల్లలు ఆ నంబర్లు చూసి మా అందరి ఫిట్‌నెస్ అదుర్స్ మేడమ్ అంటారు. సగం క్రెడిట్ మంచానిది అంటాను.

జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద దంచికొట్టి, టక్కున ఆపి బొమ్మలా నిలబడే కుర్రాళ్ళకు ఒక మాట. కాళ్ళ రక్తనాళాలు అప్పటికి పూర్తిగా విప్పారి ఉంటాయి, పిక్కలు పని ఆపేశాయి, రక్తమంతా కిందే ఉండిపోతుంది. కళ్ళు తిరిగి పడేది అప్పుడే. మే నెలలో, ఒళ్ళంతా చెమటై నీళ్ళు పోయాక ఇంకా ఎక్కువ. రెండు మూడు నిమిషాలు మెల్లగా నడవండి, మరీ తల తిరిగితే సిగ్గుపడకుండా కింద పడుకుని కాళ్ళు ఎత్తి పెట్టండి.

కదలకుండా ఉండటం ఎంత చేటో చెప్పడానికి క్లాసులో నేను తప్పక చెప్పే సంగతి 1966 నాటి డాలస్ ప్రయోగం. ఐదుగురు ఇరవై ఏళ్ళ ఆరోగ్యవంతుల్ని మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. శ్రమ చేసేటప్పుడు ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం పాతిక శాతం పైగా పడిపోయింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత, యాభై దాటిన అదే ఐదుగురిని మళ్ళీ పరీక్షిస్తే, ఏ ఒక్కరిదీ ఆ మూడు వారాల మంచం తర్వాత పడినంత లోతుకు పోలేదు! ముప్ఫై ఏళ్ళ వయసు చేయలేని పని మూడు వారాల మంచం చేసింది. తుంటి ఆపరేషన్ అయిన అమ్మమ్మ మొదటిసారి లేచి నిలబడితే పల్స్ 120 కొట్టడం చూసి "అమ్మో, మళ్ళీ పడుకోబెట్టండి" అంటారు ఇంట్లోవాళ్ళు. రక్తం పోయిందా, ఇన్ఫెక్షన్ ఉందా అన్నది డాక్టరు చూసి లేదన్నాక, ఆ 120కి మందు రోజూ కాసేపు కూర్చోబెట్టడం, నిలబెట్టడం, నడిపించడమే.

వాచీల గురించి కూడా కాస్త. వెనకాల పచ్చ లైటు వెలిగేది ఈసీజీ కాదు, చర్మం కింద రక్తం పొంగూ తగ్గూ చూసి దెబ్బలు లెక్కేస్తుంది. నడిచేటప్పుడు పట్టీ వదులుగా ఉంటే అడుగుల తాళాన్నే గుండె తాళమనుకునే ప్రమాదముంది. మెల్లగా నడుస్తున్నా 110, 115 దగ్గర అంటుకుపోయి ఉంటే ఒక్కసారి ఆగి మణికట్టు పట్టుకుని లెక్కపెట్టుకోండి. వేలు పెట్టి ముప్ఫై సెకన్లు ఆగమనే వాచీలది మాత్రం నిజమైన ఈసీజీయే, ఒక్క లీడ్. లయ తప్పిందా అని చూడటానికి పనికొస్తుంది, గుండెపోటు ఉందో లేదో తేల్చడానికి కాదు.

అంకుల్ ఇప్పుడు ఒక చిన్న డైరీ పెట్టారు, పొద్దున మంచం మీద ఒక అంకె, లేచిన మూడు నిమిషాలకు ఒకటి. ఆయన చూసి వాకింగ్ స్నేహితుడొకాయన కూడా మొదలుపెట్టి, కొత్త సమస్య తెచ్చారు. ఎంత గబగబా నడిచినా తనది 105 దాటడం లేదట, టార్గెట్ జోన్‌కి రావడం లేదని వాచీ పోరు. అడిగితే తేలింది, ఆయన మెటోప్రొలాల్ వేసుకుంటారు. గుండెకు సింపథెటిక్ నరాల మాట వినబడకుండా చేసే మాత్ర అది, వేగం పెరగకుండా చూడటమే దాని ఉద్యోగం. ఓ వారం మానేసి చూస్తానమ్మా, ఎంత పోతుందో అన్నారు, చాలా మామూలుగా. ఆ ఒక్కటీ చేయొద్దన్నాను. ఉన్నపళంగా మానేస్తే గుండె ఒక్కసారిగా రెచ్చిపోతుంది, రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్ళకు ఛాతీ నొప్పి, గుండెపోటు దాకా పోవచ్చు. తగ్గించాలన్నా, టీఎంటీ కోసం ఆపాలన్నా రాసిన డాక్టరే చెప్పాలి. ఆయనలాంటివాళ్ళకు 220 లెక్కా పనికిరాదు, 208 లెక్కా పనికిరాదు. నడుస్తూ పక్కవాళ్ళతో మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేనంత ఆయాసం వస్తే ఆ వేగం సరిపోతుంది. డైరీలో అంకె పక్కన మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో కూడా రాయమన్నాను.